ఏ జంతువో డీఎన్‌ఏ చెబుతుంది, ఎలా కోశారో చెప్పదు

పోయిన నెల ఫ్రోజెన్ మాంసం ప్యాకెట్ల మీది లేబుళ్ల గురించి రాస్తూ, అనుమానం వస్తే డీఎన్‌ఏ పరీక్షతో అది ఏ జంతువు మాంసమో తేల్చుకోవచ్చని ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షిక మొదలుపెట్టాక ఇంకే విషయానికీ రాలేదు. సగానికి పైగా హలాల్ గురించే. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. నేను పశువైద్యురాలిని, మాంసం పరీక్షించే ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఏది తినొచ్చు ఏది కూడదు అని మతపరంగా తీర్పు చెప్పే అర్హత నాకు లేదు, అది మీ ఇమామ్‌నో ముఫ్తీనో అడగాలి. ల్యాబ్ ఏం చెప్పగలదో ఏం చెప్పలేదో, అది మాత్రం నేను చెప్పగలను.

అస్సలాము అలైకుం మేడం. పిల్లలు చికెన్ సాసేజ్‌లు, నగ్గెట్స్ అడుగుతున్నారు. ప్యాకెట్ మీద హలాల్ ముద్ర ఉంటుంది కానీ మా అత్తగారు అస్సలు నమ్మరు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే హలాలో కాదో ఖాయంగా తెలిసిపోతుందా?
— ఒక గృహిణి, కర్నూలు

వఅలైకుం అస్సలాం అమ్మా. తెలియదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే "డీఎన్‌ఏతో హలాల్ నిర్ధారణ" అని ప్రకటనల్లో రాసేస్తుంటే జనం నిజమే అనుకుంటున్నారు. డీఎన్‌ఏ పరీక్ష జవాబిచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ ముక్కలో ఏ జంతువు ఉంది? హలాల్‌లో అది ఒక భాగం మాత్రమే. కోసేటప్పటికి ప్రాణం ఉందా, అల్లా పేరు చెప్పి కోశారా, శ్వాసనాళం, అన్నవాహిక, మెడలోని పెద్ద రక్తనాళాలు తెగాయా, రక్తం కారిపోయేదాకా ఆగారా, ఇవేవీ డీఎన్‌ఏలో రాసి ఉండవు. ఒకే ఫారంలో పెరిగిన రెండు కోళ్లలో ఒకదాన్ని పద్ధతి ప్రకారం జబా చేసి, అంటే అల్లా పేరు చెప్పి గొంతు కోసి, రెండోది లారీలో ఎండకు తట్టుకోలేక చచ్చిపోతే దాన్ని కోసి, రెండిటి ముక్కలూ నాకు పంపారనుకోండి. రెండిటికీ నేనిచ్చే రిపోర్టు ఒకటే. కోడి.

అలాగని పనికిరాదని కాదు. చికెన్ అని చెప్పి పంది కొవ్వు కలిపారా, ఇంకేదైనా మాంసం కలిపారా అన్న అనుమానానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. మీ అత్తగారి అనుమానంలో ఒక న్యాయం కూడా ఉంది. సాసేజ్‌కు పైన ఒక పల్చటి తొడుగు ఉంటుంది చూడండి, దాన్ని కొన్ని దేశాల్లో పంది పేగుతో చేస్తారు. లోపల అంతా కోడే అయినా పైన తొడుగు అది కావచ్చు. అందుకే సాసేజ్ ఎప్పుడు పరీక్షకు వచ్చినా తొడుగు ఒలిచేయకుండా దాంతో సహా నూరాలని మా ల్యాబ్‌లో కుర్రాళ్లకు పదే పదే చెప్పేదాన్ని.

మన దేశంలో హలాల్ సర్టిఫికెట్ ఇచ్చేవి ప్రైవేటు, ధార్మిక సంస్థలు. ఆకుపచ్చ చుక్కలాగా దానికి ప్రభుత్వం పెట్టిన ఒకే గుర్తు లేదు. కాబట్టి ముద్ర ఒక్కటే చూసి ఊరుకోకండి, ముద్ర కింద ఏ సంస్థ పేరుందో చూసి ఆ సంస్థకే ఫోన్ చేసి ఈ బ్రాండ్ మీ జాబితాలో ఉందా అని అడగండి. ఉంటే వాళ్లు చెబుతారు. అప్పటికీ అత్తగారి మనసు ఒప్పుకోకపోతే, మీకు తెలిసిన దుకాణంలో మీ కళ్లముందు కోయించుకున్న చికెన్‌తో నగ్గెట్స్ ఇంట్లో చేయడం అరగంట పని.

నమస్తే మేడం. బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బాగా ఉడికించి, మసాలా దట్టించి, నూనెలో వేయించిన మాంసంలో కూడా డీఎన్‌ఏ మిగులుతుందా? అసలు ఎలా చూస్తారు?
— విద్యార్థి, రాజమహేంద్రవరం

మిగులుతుంది నాయనా, కాకపోతే ముక్కలు ముక్కలుగా. ఒక పుస్తకాన్ని చింపి పోగు పెట్టారనుకో, అందులో పూర్తి పేజీ కోసం వెతికితే దొరకదు, మూడు నాలుగు మాటలున్న చిన్న ముక్క కోసం వెతికితే దొరుకుతుంది. వండిన మాంసంలో మేం చేసేది అదే. 100, 150 డీఎన్‌ఏ అక్షరాలకు మించని చిన్న ముక్కను ఎంచుకుని దానికోసం వెతుకుతాం. అది కూడా ఎక్కువగా మైటోకాండ్రియాలో, అంటే కణానికి శక్తినిచ్చే భాగాల్లో వెతుకుతాం, ఎందుకంటే కేంద్రకంలోని డీఎన్‌ఏ కణానికి రెండు ప్రతులే ఉంటే, మైటోకాండ్రియా డీఎన్‌ఏ వందలు, వేలల్లో ఉంటుంది. అన్ని ప్రతులున్నప్పుడు ఎంత ఉడికించినా ఎక్కడో ఒకచోట మనకు కావలసిన ముక్క మిగిలే ఉంటుంది. అందులో సైటోక్రోమ్ బి అనే జన్యువు జంతువు జంతువుకీ కాస్త కాస్త మారుతుంది. పందికి ఒకలా, గొర్రెకు ఒకలా, గేదెకు ఒకలా. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ ఈ జన్యువులోని ఒక ముక్కతోనే ఏ జంతువునైనా గుర్తుపట్టే పద్ధతి తయారుచేశారు, వన్యప్రాణుల వేట కేసుల్లో అది ఎంతో అక్కరకొచ్చింది. నువ్వు చదివే సబ్జెక్టు కాబట్టి ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇక బల్ల దగ్గర జరిగేది చెబుతాను. ఒక కబాబ్ వచ్చిందనుకో. ఒక మూల నుంచి కాకుండా అయిదారు చోట్ల నుంచి ముక్కలు తీసి మిక్సీలో మెత్తగా నూరతాం. ఆ ముద్దలోంచి 25 మిల్లీగ్రాములు తీస్తాం, అంటే సుమారు ఒక బియ్యపు గింజ బరువు. దాన్ని చిన్న ప్లాస్టిక్ గొట్టంలో వేసి, ప్రోటీన్‌ను కరిగించే ఎంజైమ్ కలిపి, 56 డిగ్రీల వేడిలో ఉంచితే కొన్ని గంటలకు ముక్క కనబడకుండా కరిగి, అడుగున పసుపు, మిరియాల పొడి మాత్రం మిగులుతుంది. ఈ మసాలాతోనే గొడవ. పసుపు, మిరియం, నూనె, ఇవి తరువాతి దశలో పనిచేసే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అడ్డుకుంటే పంది ఉన్నా లేనట్టే కనబడుతుంది. అందుకే డీఎన్‌ఏను బాగా కడిగి శుభ్రం చేసి, పరీక్ష అసలు పనిచేస్తోందో లేదో చూడటానికి ప్రతి గొట్టంలో ఒక తెలిసిన డీఎన్‌ఏను కూడా పెడతాం. అది కూడా కనబడకపోతే ఆ రిపోర్టు నెగెటివ్ కాదు, పరీక్ష జరగలేదని అర్థం.

ఆ తరువాత పీసీఆర్, అంటే కావలసిన డీఎన్‌ఏ ముక్కకు ప్రతులు తీసి పెంచే పద్ధతి. కేరీ ముల్లిస్ 1983లో కనిపెట్టింది, 1993లో ఆయనకు నోబెల్ వచ్చింది. వేడి చేయడం, చల్లార్చడం, మళ్లీ వేడి చేయడం, ప్రతి చుట్టుకీ కావలసిన ముక్క రెట్టింపు. ఒక్క ముక్క ఉన్నా 30 చుట్లు తిరిగేసరికి 107 కోట్లు దాటుతుంది. కంప్యూటర్ తెరమీద ఒక గీత నేలబారుగా సాగి సాగి ఎక్కడో ఒకచోట పైకి లేస్తుంది. 18వ చుట్టులోనే లేచిందంటే ఆ జంతువు మాంసం దండిగా ఉన్నట్టు. 36వ చుట్టులో లేచిందంటే కొద్ది అణువులు మాత్రమే ఉన్నట్టు. రెండిటినీ "పాజిటివ్" అనే ఒకే మాటతో రిపోర్టులో రాస్తే అది అబద్ధం కాదు, కానీ చదివేవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఇంకొకటి. ప్రతి పరీక్షలోనూ ఏమీ వేయని, ఉత్త నీళ్లున్న గొట్టం ఒకటి ఉంటుంది. దాంట్లో గీత లేవకూడదు. ఒకసారి మా దగ్గర లేచింది. కొత్తగా చేరిన అమ్మాయి ముందురోజు పరీక్ష అయిపోయిన గొట్టం మూత అదే గదిలో తెరిచింది, అందులోని కోట్ల ప్రతులు గాల్లో తుంపరగా లేచి బల్లమీద, పిపెట్ల మీద పడ్డాయి. ఆ రెండు రోజుల రిపోర్టులన్నీ పక్కన పడేసి, గదంతా బ్లీచ్‌తో తుడిచి, మొదటినుంచి చేశాం. ఆ నీళ్ల గొట్టమే లేకపోతే ఎంతమంది వ్యాపారుల మీద లేనిపోని ముద్ర పడేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మా తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి రబ్బరు తోటల్లో పనికి వచ్చారు. నేను ఒక ఆహార ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో ఉన్నాను. 2014 నాటి చాక్లెట్ గొడవ మా దగ్గర ఇప్పటికీ ట్రైనింగ్‌లో చెబుతారు. ఒక ప్రభుత్వ శాఖ పంది డీఎన్‌ఏ ఉందంది, ఇంకో ప్రభుత్వ శాఖ లేదంది. రెండూ డీఎన్‌ఏ పరీక్షలే. మరి ఏది నమ్మాలండీ?
— ఒక పాఠకుడు, కౌలాలంపూర్

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నానండీ, ఎందుకంటే హలాల్, డీఎన్‌ఏ రెండూ కలిసే చోట ఉన్న చిక్కంతా ఆ ఒక్క గొడవలో ఉంది.

తెలియని పాఠకుల కోసం చెబుతాను. 2014 మే నెల చివర్లో మలేషియా ఆరోగ్య శాఖ తమ తనిఖీల్లో క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్ చాక్లెట్లలో హేజల్‌నట్ రకం, రోస్ట్ ఆల్మండ్ రకం, ఈ రెండిట్లో పంది డీఎన్‌ఏ ఆనవాళ్లు కనబడ్డాయని ప్రకటించింది. కంపెనీ ఆ సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. మలేషియాలో అది మామూలు వార్త కాదు. ముస్లింలు ఎక్కువమంది ఉన్న దేశం, హలాల్ ముద్ర ఇచ్చేది కూడా జాకిం అనే ప్రభుత్వ ఇస్లామిక్ శాఖే. తెలియక తిన్నవాళ్లు కుమిలిపోయారు, కొన్ని సంఘాలు కంపెనీని బహిష్కరించమన్నాయి, తిన్నవాళ్లకు రక్తం మార్పించాలని అన్నవాళ్లు కూడా ఉన్నారు. జూన్ 2న జాకిం తన ఫలితాలు ప్రకటించింది. ఫ్యాక్టరీ నుంచి నేరుగా తీసుకున్న 11 నమూనాలు పరీక్షిస్తే ఒక్కదాంట్లోనూ పంది డీఎన్‌ఏ లేదని.

ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని జనం అనుకున్నారు. నేనలా అనుకోను. రెండూ నిజమే కావచ్చు. నమూనా ఎక్కడిది అన్నది చూడండి. ఫ్యాక్టరీలో పెట్టె విప్పి అప్పుడే తీసిన చాక్లెట్ వేరు, ఫ్యాక్టరీ దాటి అంగళ్లకు చేరాక ఎన్నో చేతులు మారి ల్యాబ్‌కు వచ్చిన చాక్లెట్ వేరు. ఇందాక రాజమహేంద్రవరం అబ్బాయికి చెప్పాను కదా, ఈ పరీక్ష ఒక్క అణువును కోట్లు చేసి చూపిస్తుంది. అంటే పంది మాంసం పట్టుకున్న చేత్తో ప్యాకెట్ తెరిచినా, నమూనా తీసిన చెంచా అంతకుముందు ఇంకోదానికి వాడినదైనా అది కనబడుతుంది. అక్కడ అలాగే జరిగిందని నేను అనడం లేదు. ఆనవాలు అని తేలిన ఫలితాన్ని, నమూనా చరిత్ర తెలియకుండా, మళ్లీ ఇంకో నమూనాతో సరిచూడకుండా బయటపెడితే ఏం జరుగుతుందో మీ దేశమంతా తొమ్మిది పది రోజులు చూసింది.

మీరు క్వాలిటీలో ఉన్నారు కాబట్టి రెండో వైపు కూడా మీకు తెలియాలి. పక్క దేశం ఇండోనేషియాలో 2001 జనవరిలో అజినొమొటో మీద గొడవ జరిగింది. ఆ రుచిపొడిని బ్యాక్టీరియాతో పులియబెట్టి తీస్తారు. ఆ బ్యాక్టీరియాకు మేతగా వేసిన సోయా పదార్థాన్ని తయారుచేయడానికి పంది నుంచి తీసిన ఎంజైమ్ వాడారు. చివరికి వచ్చిన తెల్లటి పొడిలో పందికి సంబంధించింది ఏదీ మిగలదు. ఏ డీఎన్‌ఏ పరీక్షకైనా పంపండి, నెగెటివే వస్తుంది. అయినా అక్కడి ఉలేమా (మతపండితుల) మండలి అది హరామ్, అంటే నిషిద్ధం అంది, సరుకును మార్కెట్ నుంచి తీసేశారు. అప్పటి అధ్యక్షుడు అబ్దుర్రహమాన్ వాహిద్, ఆయన స్వయంగా పేరున్న మతపండితుడు, తినొచ్చు అన్నారు. పదార్థం పూర్తిగా వేరే పదార్థంగా మారిపోతే దాని తీర్పు కూడా మారుతుందా అన్నది వాళ్ల ధర్మశాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్న చర్చ, దానికి ఇస్తిహాలా అని పేరు కూడా ఉంది. ఆ చర్చలో ల్యాబ్‌కు చోటు లేదు.

కాబట్టి ఏది నమ్మాలి అంటే, ఫ్యాక్టరీకి ఏ ముడిసరుకు వచ్చింది, దాని కాగితాలేవి, ఏ మెషిన్ మీద ముందు ఏం నడిచింది, ఇది చూసే మనిషిని నమ్మాలి, డీఎన్‌ఏను ఆ మనిషి చేతిలో ఒక పనిముట్టుగా చూడాలి. మీ ఫ్యాక్టరీలో ఆ మనిషి మీరేనండీ. నమూనా తీసేటప్పుడు ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ చేతితొడుగుతో తీశారో రాసిపెట్టే అలవాటు మీవాళ్లకు చేయండి. గొడవ వచ్చిన రోజు మిమ్మల్ని ఆదుకునేది ఆ రిజిస్టరే.

మేము హిందువులం, పెద్దకూర తినం. ఇక్కడ ల్యాంబ్ కబాబ్, కీమా అని అమ్మేదాంట్లో బీఫ్ కలుస్తుందని మావాళ్లు అంటారు. హలాల్ షాపులో కొంటే ఈ టెన్షన్ ఉండదా?
— లెస్టర్, ఇంగ్లండ్ నుంచి

హలాల్ అంటే మీకు కావలసిన హామీ కాదు కదండీ. ఆవు, గేదె, గొర్రె, మూడూ పద్ధతి ప్రకారం కోస్తే ముస్లింలకు హలాలే. గొర్రె అని చెప్పి బీఫ్ అమ్మితే మోసం, అది మీకూ మోసమే, ముస్లిం కొనుగోలుదారుకూ మోసమే.

మీరున్న దగ్గర ఈ పరీక్షలు ఎందుకు పెరిగాయో తెలిసే ఉంటుంది. 2013 జనవరి 15న ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ 27 రకాల బీఫ్ బర్గర్ల ఫలితాలు బయటపెట్టింది. 10 రకాల్లో గుర్రం డీఎన్‌ఏ, 23 రకాల్లో పంది డీఎన్‌ఏ. వాటిలో ఎక్కువ ఆనవాళ్లే, కానీ ఒక బర్గర్‌లో మాత్రం బీఫ్‌తో పోలిస్తే 29 శాతం గుర్రం ఉంది. అది ఎక్కడినుంచో అంటిన తుంపర కాదు, ఎవరో తెచ్చి కలిపిందే. మరుసటి నెలలోనే బ్రిటన్ జైళ్లలో ముస్లిం ఖైదీలకు హలాల్ అని పెట్టిన పైలు, పేస్టీల్లో పంది డీఎన్‌ఏ ఆనవాళ్లు దొరికాయి. జైల్లో ఉన్న మనిషికి ఎంచుకునే వీలు లేదు, పెట్టిందే తినాలి. ఆ వార్త చదివినప్పుడు నాకు బర్గర్ల కంటే అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ తరువాత అక్కడి అధికారులు 1 శాతం గీత పెట్టుకున్నారు, దానికి మించితే కల్తీ, లోపలైతే మెషిన్లు, బల్లల మీంచి అంటినది కావచ్చని. ఆ గీత వ్యాపారానికి సరిపోవచ్చు. పంది ముట్టని ముస్లిం, పెద్దకూర ముట్టని హిందువు ఆ గీతను ఎందుకు ఒప్పుకోవాలి? మీ మటుకు మీరు కీమా కొనకండి. ఎముకతో ఉన్న ల్యాంబ్ ముక్క కొని, ఎదురుగా నిలబడి కీమా కొట్టించుకోండి. ముక్కగా ఉన్నప్పుడు మోసం చేయడం కష్టం, నూరాక సులువు.

జెలటిన్ క్యాప్సూల్స్ పంది నుంచి చేస్తారంటున్నారు. మా నాన్నగారు రోజూ మందులు వేసుకుంటారు. డీఎన్‌ఏ పరీక్షలో తెలుస్తుందా?
— గుంటూరు నుంచి

చాలాసార్లు తెలియదమ్మా. జెలటిన్‌ను ఎముక, చర్మాల నుంచి ఆమ్లం, క్షారం, వేడి అన్నీ పెట్టి తీస్తారు. ఆ దెబ్బకు డీఎన్‌ఏ పొడిపొడి అయిపోతుంది. నెగెటివ్ వస్తే పంది కాదని కాదు, వెతకడానికి ఏమీ మిగల్లేదని కావచ్చు. అందుకే దీనికి డీఎన్‌ఏతో పాటు ప్రోటీన్ ముక్కలు చూసే ఇంకో పరీక్ష చేస్తారు. 2025 ఏప్రిల్‌లో ఇండోనేషియా ప్రభుత్వ సంస్థలు 9 ఉత్పత్తుల్లో పందికి సంబంధించిన అంశం దొరికిందని ప్రకటించాయి, ఎక్కువ మార్ష్‌మెల్లోలే, అందులో 7 ఉత్పత్తులకు హలాల్ సర్టిఫికెట్ కూడా ఉంది. అక్కడ డీఎన్‌ఏనూ చూశారు, పంది ప్రోటీన్ ముక్కలనూ చూశారు.

నాన్నగారి మందు మాత్రం ఆపకండి. ఆవు, గేదె జెలటిన్‌తో చేసిన క్యాప్సూల్స్ ఉన్నాయి, మొక్కల నుంచి చేసినవీ ఉన్నాయి, అదే మందు మాత్ర రూపంలో దొరకొచ్చు. డాక్టర్‌ను అడిగి మార్పించుకోండి. మార్చడానికి వీల్లేని మందైతే ఇమామ్ గారితో మాట్లాడండి. ఖురాన్‌లో పంది మాంసాన్ని నిషేధించిన చోటే, అల్ బఖరా 173వ వాక్యంలో, కోరికతో కాకుండా గత్యంతరం లేక తిన్నవాడి మీద పాపం లేదని కూడా ఉంది. మీ విషయంలో అది ఎలా వర్తిస్తుందో ఆయన చెబుతారు.

ఇంట్లోనే చూసుకునే పంది పరీక్ష స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. కొనొచ్చా?
— షార్జా నుంచి

గర్భ పరీక్ష స్ట్రిప్పులాగే ఉంటాయి, ఎక్కువగా ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. వండిన పదార్థంలో ఆ ప్రోటీన్ రూపు మారిపోతే తప్పిపోవచ్చు. రెండో గీత వస్తే జాగ్రత్తపడండి, రాకపోతే ధీమాగా ఉండకండి. నేనైతే డబ్బు పెట్టను.

డాక్టరమ్మా, నాది నిజామాబాద్‌లో మటన్ దుకాణం, మా నాన్న కాలం నుంచి ఉంది. రెండు నెలల కింద ఎవరో నా ఖైమాలో పెద్దకూర కలుపుతున్నానని వాట్సాప్‌లో పెట్టారు. అది ఊరంతా తిరిగింది. హిందువులు రావడం మానేశారు, మావాళ్లు కూడా అనుమానంగా చూస్తున్నారు. నేనే డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుని రిపోర్టు గోడకు అంటిస్తే నా పేరు నిలబడుతుందా?
— ఒక దుకాణదారుడు

భాయ్, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాన్న పేరు మీద నడిచే దుకాణానికి ఎవరో కూర్చున్నచోటు నుంచి ఒక మెసేజ్ కొట్టి ఈ గతి పట్టించారంటే మనసు కుతకుతలాడుతోంది.

పరీక్ష చేయించుకోండి, కానీ నమూనా మీరు తీయకండి. మీరే తీసి పంపితే, మంచి ముక్క చూసి పంపుకున్నాడు అంటారు. దానికి చట్టంలోనే దారి ఉంది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం ఏ కొనుగోలుదారైనా, కొనేటప్పుడే దుకాణదారుకు నేను దీన్ని పరీక్షకు పంపుతున్నానని చెప్పి, ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్ట్‌తో, అంటే ఆహార నమూనాలు పరీక్షించే అధికారితో పరీక్ష చేయించవచ్చు. తప్పు తేలితే ఆ ఫీజు అతనికి తిరిగి వస్తుంది. మిమ్మల్ని అనుమానించేవాళ్లలో నలుగురికీ తెలిసిన ఒక పెద్దమనిషిని పిలిచి, మీరు కొనండి, మీరే పంపండి అనండి. లేదంటే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి అర్జీ పెట్టి తీసుకోమనండి. అధికారి తీస్తే నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు, ఒక భాగం ఎనలిస్ట్‌కు వెళుతుంది, మిగిలినవి తరువాత వివాదం వస్తే సరిచూడటానికి ఉంటాయి. ఏ జంతువు మాంసమో తేల్చే ప్రత్యేక ల్యాబ్ మన హైదరాబాద్ పక్కనే, చెంగిచర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో ఉంది. నమూనా ఐస్‌లో వెళ్లాలి, నమూనా కుళ్లకుండా పోసే ఫార్మలిన్ అనే మందు పోయకూడదు, పోస్తే డీఎన్‌ఏ పాడవుతుంది. రిపోర్టులో "పాజిటివ్", "నెగెటివ్" అని ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఏ జంతువు, ఎంత మోతాదులో కనబడింది అని రాయమని అడగండి. గేదె వేరు, ఆవు వేరు అన్నది కూడా స్పష్టంగా ఉండాలి. మన రాష్ట్రంలో ఆవును కోయడం 1977 చట్టం ప్రకారం నేరం. మాంసం పేరుతో మనుషుల్ని కొట్టిన రోజులు చూశాం, రిపోర్టులో ఒక్క మాట తేడా వస్తే ఒకరి ప్రాణం మీదకు రావచ్చు.

కానీ భాయ్, నమూనా ఇచ్చేముందు ఒక్కసారి మీ ఖైమా మెషిన్ విప్పి చూడండి. నిష్ఠూరంగా అనుకోకండి. ఒకప్పుడు ఒక దుకాణం గురించి ఇలాంటి ఫిర్యాదే వస్తే నేను స్వయంగా వెళ్లాను. దుకాణదారు నిజాయితీపరుడు, మేక, గొర్రె తప్ప ఇంకోటి అమ్మడు. ఎదురుగానే పొట్టేలు తొడ కోసి ఖైమా కొట్టి ఇచ్చాడు. ల్యాబ్‌లో చూస్తే గేదె గీత లేచింది, ఆలస్యంగా, సన్నగా. నాకు అర్థం కాక మర్నాడు మళ్లీ వెళ్లి మెషిన్ విప్పించాను. లోపల తిరిగే మర వెనక, చిల్లుల పళ్లెం అంచున, వేలు పట్టని సందులో పసుపచ్చగా గట్టిపడిన కొవ్వు. దూదితో తుడిచి తెచ్చి చూస్తే అది గేదె. విషయమేమిటంటే పక్క వీధిలో పెద్దకూర అమ్మే బంధువు తన మెషిన్ చెడిపోయినప్పుడు వారంలో రెండు రోజులు తెల్లవారకముందే వచ్చి దీంట్లో కొట్టుకుని పోతున్నాడు. కడిగే పోతున్నాడు, నీళ్లు పోసి. నీళ్లతో కొవ్వు పోతుందా? ఆ దుకాణదారు తల పట్టుకుని కూర్చుండిపోయాడు. చేయని తప్పుకు తన చేతులే సాక్ష్యం ఇచ్చినట్టయింది.

మీ మెషిన్ ఎవరికీ ఇవ్వకండి. కత్తులు, మొద్దు, తూకం పళ్లెం, ఏదీ అరువివ్వకండి, అరువు తీసుకోకండి. మర విప్పి వేడినీళ్లు, సబ్బుతో బ్రష్ పెట్టి రుద్ది, ఆ తరువాత బ్లీచ్ కలిపిన నీళ్లలో కాసేపు ఉంచి, మంచినీళ్లతో బాగా కడిగి ఆరబెట్టండి. వీలైతే పాత మొద్దు మార్చేయండి, చెక్క సందుల్లోకి పోయింది కడిగితే పోదు. ఇదంతా అయ్యాకే నమూనా ఇవ్వండి. ఇది మోసం దాచడం కాదు, మీరు అమ్మే సరుకు మీరు చెప్పినట్టే ఉండేలా చూసుకోవడం.

రిపోర్టు గోడకు అంటించండి, తప్పులేదు. కానీ కాగితం ఆ ఒక్క రోజు ఖైమాకే సాక్ష్యం. రేపటి ఖైమాకు సాక్ష్యం కొనేవాళ్ల కళ్లే. యాట తోక కోసేయకుండా వేలాడదీయండి, కబేళా ముద్ర కనబడేటట్టు పెట్టండి, ముందే కొట్టి పెట్టిన ఖైమా ఒక్క పావు కిలో కూడా ఉంచకండి, ఎవరు అడిగినా ముక్క చూపించి, వాళ్ల ముందే మెషిన్‌లో వేయండి. జబా ఎవరు చేశారని మీవాళ్లు అడిగితే ఆ మనిషి పేరు చెప్పండి, దానికి డీఎన్‌ఏ సాక్ష్యం ఇవ్వలేదు, ఆ మనిషే ఇవ్వాలి. వాట్సాప్‌లో పెట్టినవాడి మీద స్క్రీన్‌షాట్లతో పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు.

రిపోర్టు చేతికొచ్చాక అందులో ఏ మాటైనా అర్థం కాకపోతే ఫొటో తీసి పత్రిక చిరునామాకు పంపండి, చదివి చెబుతాను.